రెండు క్రేట్లు

జూన్ నెల, రాత్రి తొమ్మిదిన్నర.
బంగారుపాళెం దాటినాక గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడి నుంచి
చింతతోపు దాకా ట్రాక్టర్లు.
తోతాపురి పులుపు హెల్మెట్‌లోకే వచ్చేస్తా ఉండాది.
సర్వరు పడిపోయి ఆరుగంటలు.
కాటా తూస్తాది గానీ రాసుకునే దిక్కు లేదు.

"గ్రీమ్స్‌పేట అంగడి నుంచి వచ్చింది నువ్వేనామ్మా?
మొగోళ్లెవురూ లేరా?"
వాచ్‌మన్ చెంగల్రాయులు నా మొహాన టార్చి కొట్టి
తనకే ఏమో అనిపించి నేలకు దించినాడు.

కాటా గది. కీబోర్డు మీద మామిడి జీడి.
ఎంటర్ మీట నొక్కితే దిగుతాది,
లేసేదానికి ఆలోచన చేస్తాది.

పాత డిస్కు పీకి కొత్తది బిగించినా.
పెన్‌డ్రైవు పెట్టినా.
ఏ భాష అనడిగింది. జాబితాలో తెలుగు ఉండాది.
నా వేలు ఆడ రవ్వంతసేపు నిలబడి, పైకి పోయింది.
ఏ ఊరి టైము అనడిగింది. కోల్‌కతా అని చెప్పినా,
మన ఊరి పేరు దానికి తెలీదు గదా.
ఉండేదంతా చెరిపేయాల్నా అని రెండుసార్లు అడిగింది.
కొత్త డిస్కే, ఏమీ లేదు అందులో,
అయినా రెండోసారి కడుపులో ఏదో కదిలింది.

పద్నాలుగు శాతం కాడ గీత కుంటింది.
గుడియాత్తం డ్రైవరు సెల్వం కిటికీ ఊచలు పట్టుకొని
"ఎన్న మేడం, ముడింజిదా?"
"ఇంకా లేదన్నా."
అరవై కాడ మళ్లీ వచ్చినాడు. ఈసారి ఏమీ అడగలా.
ఒక కాయ కోసి, ఉప్పూకారం అద్ది, గూట్లో పెట్టిపోయినాడు.

లేసింది. నల్లటి తెర, తెల్లటి గీత, కొట్టుకుంటా.
ఇంక పింగు.
పింగు అంటే ఏముంది,
ఈ గట్టు మీద నుంచి "ఓయ్" అంటే
ఆ గట్టు మీద ఎవురో "ఆఁ" అనాల.
అంతే. బాగుండావా అని కూడా అడగరు.

ఓయ్ అన్నా.
చేరలేదు. చేరలేదు. చేరలేదు.

డ్రమ్ముల ఎనకాల తీగ పట్టుకొని పాక్కుంటా పోతే
ఎలుక కొరికిన చోటు.
తీపికి అలవాటు పడిన నోరు, తీగ కూడా తియ్యగుంటాదనుకొనిందేమో.
ఆరంజి తెలుపు, ఆరంజి, పచ్చ తెలుపు, నీలం,
నీలం తెలుపు, పచ్చ, గోధుమ తెలుపు, గోధుమ.
ఎక్కం మాదిరి నోట్లో చదువుకుంటా
పండ్లతో తోలు గీకి, కొత్త మూతి నొక్కినా.

ఓయ్.
ఆఁ. ఆఁ. ఆఁ.
ఒకటీ పోలేదు దారిలో.

అప్పుడు చూసినా, తలుపు కాడ ఒకామె,
తలకు ప్లాస్టిక్ టోపీ, మోచేతుల దాకా పసుపుపచ్చ.
"ఈ వారం నేను కోసిన క్రేట్లు దాంట్లోనే ఉండాయంట.
పోయినాయా?"
"చిత్తూరు ఆఫీసులో ఒక కాపీ ఉంటాదక్కా. పిలస్తా ఉండా. పేరేంది?"
"నూటా పదేడు."
నేను తల తిప్పినా.
"గంగులమ్మ," అనింది, పలికే దానికి
మూడు నాలుగు సెకండ్లు పట్టింది.

చిత్తూరు నుంచి వరసలు దిగొచ్చినాయి.
నూటా పదేడు: రెండొందల పన్నెండు.
"కాదే," అనింది. "రెండొందల పద్నాలుగు.
మధ్యాన్నం కూడు తిన్నాక రెండు. మేస్త్రీ చూసినాడు."

కాపీ తీసింది పన్నెండు గంటలకు.
సర్వరు పడింది మూడున్నరకు.
ఆ నడుమ కోసిన రెండు క్రేట్లు
పాత డిస్కులో లేవు, చిత్తూరులో లేవు,
నేను ఎన్నిసార్లు ఓయ్ అన్నా పలకవు.
ఆమె నోట్లో ఉండాయి, ఆ చేతుల మీద ఉండాయి.

కాటా చీటీ తిరగేసి రాసినా:
గంగులమ్మ, ఇంకా రెండు.
తెర అంచుకు అంటించినా. జీడికే అంటుకొనింది,
టేపు అక్కర్లేకుండా.

బయట మొదటి ట్రాక్టరు కాటా ఎక్కింది.
సెల్వం కాయ తిన్నా. పండ్లు జివ్వుమన్నాయి.