మోచేతి మడత

ఫారం ఐదేళ్ళే అడిగింది.
ఇమ్కెకు ముప్ఫై ఒకటి.
ఔరిఖ్ బడిలో లెక్కల టీచరు,
ఉద్యోగం ఖాయమై పదకొండు రోజులు.
కిటికీ అవతల వాన అడ్డంగా పడుతోంది,
సముద్రం పక్క ఊరు కదా,
అక్కడ వానకి నిలువు తెలీదు.

'చర్మవ్యాధులు' అన్న గడి దగ్గర
కలం ఆగింది.

ఏం రాయాలి?
మూడేళ్ళప్పుడు వాళ్ళమ్మ గేశ
పాత దిండు గలీబు చించి కుట్టిన చేతితొడుగులా?
రాత్రి మణికట్టు దగ్గర నాడా బిగిస్తే
పొద్దున ముడి మీద పళ్ళగాట్లుండేవి.
ఏడో ఏట ఉప్పుగాలికని దీవిలో ఆసుపత్రికి పంపితే
పక్క మంచం పిల్లతో వేసిన పందెమా?
ముందు గోక్కున్నవాళ్ళు పుడ్డింగు ఇచ్చెయ్యాలి.
ఆరు వారాల్లో
ఇమ్కె పదమూడు పుడ్డింగులు ఓడిపోయింది.

అవేవీ అక్కర్లేదు, అన్నాడు
ఏజెంటు ఓల్ట్‌మన్స్.

నేను రాస్తున్న ఈ భాషలో
ఆ జబ్బుకీ ఒక పువ్వుకీ ఒకటే పేరు, తామర.
వాళ్ళు దానికి నరాల పేరు పెట్టుకున్నారు.
అందుకే కాబోలు
అతను గొంతు తగ్గించి పలికాడు.

చిక్కల్లా ఒక్క ట్యూబు దగ్గర.
నాలుగేళ్ళ ఎనిమిది నెలల కిందట
చలికి చేతులు పగిలితే
డాక్టరు మందు రాసిచ్చి
పాత కాగితాలు తిరగేసి
"అదే, మళ్ళీ" అని టైపు చేశాడు.
ఆ రెండు మాటలకి
నెలనెలా ముప్ఫై శాతం ఎక్కువ.

"దాచొద్దు, తర్వాత బయటపడితే పాలసీయే పోతుంది.
నాలుగు నెలలు ఆగండి, చాలు.
గడువు ఇంకా ఉంది.
ఐదేళ్ళు నిండితే వాళ్ళూ అడగరు, మీరూ చెప్పరు.
ఈలోగా మాత్రం
మీ చర్మాన్ని ఏ డాక్టరుకీ చూపించకండి."

నవ్వుతూనే ఇంటికొచ్చింది.
నూట ఇరవై రెండు రోజులు,
లెక్కల మనిషి, దారిలోనే తేల్చేసింది.
టీ పెట్టుకుంది.
పరీక్ష పేపర్లు దిద్దింది.

పదకొండున్నరకి
ఎడమ మోచేతి మడతలో,
ఇరవై ఏళ్ళుగా ఊసెత్తనిది,
ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు
చిన్నగా.

లైటు వెయ్యలేదు. చూస్తే ఉన్నట్టే కదా.
సొరుగులో తడిమి
రెండు నూలు మేజోళ్ళు చేతులకి తొడుక్కుంది,
ఆ చేత్తోనే
గోడ క్యాలెండరు మీద
మొదటి రోజు కొట్టేసింది.

గీత వంకరగా
రెండో రోజులోకి పోయింది.