పొట్టి హిందీ, నూట నలభై

బాదేపల్లి పత్తి మిల్లు గేటుకెదురుగ
నా చాయ్ బండి.
పొద్దుగాల ఆరింటికి నైట్ డ్యూటీ దిగి
కనురెప్పల మీద దూదితోని వస్తరు వాళ్లు.
ఉద్దెర పుస్తకంల నేను రాసుకున్నది:
పొడుగు హిందీ, పొట్టి హిందీ,
గుట్కా హిందీ, అన్నదమ్ముల హిందీ.
పేర్లు ఎవలడిగిన్రు?
చాయ్‌కి పేరెందుకు.

వాళ్ల గ్లాసులు వేరే పెట్టిన.
అడిగినోళ్లకు, కడుగుడు అల్కగైతదని చెప్పిన.
మా నాయిన గూడ అడిగిండంట ఒకపారి,
హోటల్ చూరు కింద తనకని బోర్లిచ్చిన గ్లాసు గురించి.
ఆయనకూ ఏదో ఒకటి చెప్పే ఉంటరు.

బొంబాయిల అమ్మ కేబుల్ గుంతలు తవ్వుతుంటె
నేను గడ్డ మీద తమ్మునికి కాపలా.
పోయేటోళ్లు మా మాటను ఎక్కిరిచ్చెటోళ్లు
"యండుగుండు, యండుగుండు"
డబ్బాల గులకరాళ్లు పోసి ఊపినట్టుంటదంట.
నేనూ నవ్విన వాళ్లతోని. ఆరేండ్లోనికి ఏమెరుక.
అమ్మ నవ్వలే. పార ఆపలే.
ముకద్దం కాపీల ఆమె పేరు: తెలుగు బాయి, ఏడు.

మొన్న కార్తీకంల
మూడు బోర్ల కాడ రాగి వైరు పోయింది.
ఊరంతా మిల్లు గేటుకాడికొచ్చింది.
"రాత్రిళ్లు ఎవడన్న తిరుగుతున్నడా, కుర్మయ్యా?"
నైట్ డ్యూటీ చేసెటోడు రాత్రి తిరుగక
ఎప్పుడు తిరుగుతడు?
ఈ మాట నోటిదాకా వచ్చింది.
నోట్లె అప్పటికే వక్క ఉండె.
గడ్డంతోని చూపిచ్చిన. అంతే.
వేలు గూడ లేపలే.

అంగీ చినిగింది. ఫోను పలిగింది.
ఎస్సై పెన్ను తీసి "పేరేంది వీనిది?" అంటె
అందరు నా దిక్కు చూసిన్రు,
దినాం రెండుసార్లు చాయ్ పోసెటోణ్ణి గద.
"పొట్టి హిందీ" అన్న.
ఎవలో కిసుక్కుమన్నరు.

వైరు తర్వాత దొరికింది.
దొరికిన ఇంటి పేరు ఊర్ల అందరికెరుకే,
ఒక్కలు పైకనరు.
అప్పటికి వాడు రైలెక్కిండు.

నిన్న గిరాకీ లేని యాళ్ల
కౌంటరు మీది డబ్బా ఒక్కసారి ఒర్రింది:
"నూట నలభై రూపాయలు అందాయి."
బండి కాడ ఎవలు లేరు. కుక్క లేచి చూసింది.

ఫోను బిడ్డ చేతికిచ్చిన.
ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంట
"లల్టన్ సదా" అన్నది.
మళ్ల, "లాల్టనా?" అన్నది.

పుస్తకంల పొట్టి హిందీ కొట్టేసిన.
పక్కన రాద్దామని పెన్ను ఆనిచ్చి
దీర్ఘం ఉన్నదో లేదో
ఎవల్నడగాల్నో తెల్వక కూసున్న.
చాయ్ పొంగి పొయ్యి మీద పడ్డది.