రాగి జత

రాయదుర్గం పదకొండో అంతస్తులో
నా చిప్పుకి జాతకం రాస్తున్నారు.
వచ్చే ఏడు ఇన్ని లక్షలు, ఆపై ఏడు ఇన్ని,
గీత మెట్లెక్కి తెర దాటిపోయింది.
"తీగ ఎలాగూ నేలలో ఉందిగా" అన్నారెవరో,
దుక్కి అయిపోయింది, విత్తడమే తరువాయి అన్నట్టు.

ఆ తీగని చూద్దామని నారాయణగూడ వెళ్లాను.
లైన్‌మన్ లింబాద్రి పిల్లర్ బాక్స్ తలుపు
కాలితో తన్ని తీశాడు.
బల్లి గుడ్లు, తుప్పు,
ఎన్ని ఇళ్ల పెళ్లి కబుర్లో చావు కబుర్లో మోసి
రంగు వెలిసిన తీగల చిక్కు.

"గీ జత మంచిదే మేడమ్,
గది వానొస్తే గురగురమంటది.
మూసీ దిక్కువి నిరుడే తవ్వుకపోయిండ్రు.
జుమేరాత్ బజార్ల కిలో లెక్కన పోతది."
ఎంతకి, అన్నాను.
చెప్పాడు.

అక్కడే నిలబడి ఫోన్లో లెక్కేశాను:
మాట మోసే రాగి కంటే
కరిగే రాగికే గిరాకీ.

ఆయన మాత్రం రెండు కొసలు పంటితో గీకి,
మెలేసి, రిసీవర్ చెవికి ఆనించి,
"ఇగో, టోనొస్తుంది. వినుండ్రి" అన్నాడు.

విన్నాను.
సన్నగా, తెగకుండా.
రేపటి ఏడో స్లయిడ్‌లో
దీన్ని ఏ గడిలో పెట్టను?