గాలి తలుపు

చిత్తూరు గ్రీమ్స్‌పేట షెడ్డులో
చెంగల్రాయులు ఆ నల్లపెట్టె విప్పినాడు.
లోపల చిన్న తలుపు, స్ప్రింగు సడలి.
ఇరవై ఎనిమిదేళ్లు కారు పీల్చిన ప్రతి ఊపిరీ
దాన్ని తోసుకునే పోయింది.

"గడపకాడ నిలబెట్టి
ఎంత తెచ్చినావని అడుగుతాది ఇది,
టోల్‌గేటు మాదిరి."

దాని తావులో చిటికెనవేలంత సెన్సారు, రెండే వైర్లు.
మేనల్లుడు ల్యాప్‌టాప్‌లో లెక్క తిరగరాసినాడు.
గాలి ఎంతో దీనికి తెలీదు,
ఎంత వేడెక్కిందో చెప్తాదంతే.
"మరి మిగతాది?"
"నుదురు ముట్టుకుంటే చాలదా మీ అమ్మకి,
పొద్దున్నించీ యాడ తిరిగొచ్చినావో
అడిగిందా ఎప్పుడన్నా?"

కత్తిరి ఎండ. మొగిలి ఘాటు.
టమోటా లారీ వెనక సెకండు గేరులో
కారు ఒక్కసారి కూడా దగ్గలేదు.
నేనే దగ్గినాను, రెండుసార్లు.

మర్నాడు బాకీ తీర్చేదానికి పోతే
బిల్లులు ఎగిరిపోకుండా వాటి మీద ఆ పాత పెట్టె.
టేబుల్ ఫ్యాను ఇటు తిరిగినప్పుడల్లా
తలుపు కొంచెం తెరుచుకుంటా ఉంది,
ఎవరూ రాసుకోని లెక్క
ఇంకా చెప్తానే ఉంది.

చెంగల్రాయులు చూడలేదు.
చిల్లర కోసం డబ్బా కుమ్మరిస్తా ఉండాడు.