తరుగు

గుంతకల్లు స్టేషను గోడ వెనక
నబీ రసూల్ టీ బంకు కాడ
పదకొండేండ్లుగా తెగని పంచాయితీ ఒకటుంది:
ఆ తెల్లాయన, ఆ గిటారు సామి,
ఉన్న పేరంత మొనగాడేనా?

పేరు చెప్పను.
చెప్తే మీరూ ఏదో ఒక పక్కన కూసుంటారు.

మార్కెట్ యార్డులో కాటా పట్టే సుంకన్న
గ్లాసు కింద పెట్టకుండానే మొదలుపెడతాడు.
"తరుగు తియ్యాలప్పా.
చెనిక్కాయ బస్తాకు తేమ ఉందని రెండు కేజీలు,
మట్టి ఉందని ఒకటి,
గోతం బరువని ఇంకొంచెం తీస్తారే, అట్ల.
ఆ పెట్టెల మోతకు పది కేజీలు తీసెయ్.
దీపాలకు ఐదు. జుట్టుకు మూడు.
పత్తి చేన్లలో నల్ల మనుషులు
నడుములిరగ వంగి కట్టుకున్న పాటను
ఎత్తుకొచ్చి తన గోతంలో కుట్టుకున్న దానికి
సగం బస్తా.
ఇంగేమన్నా మిగిల్తే
అదీ వాని పేరు."

డీజిల్ షెడ్డు ఫిట్టరు ఓబిలేసు
గ్రీజు వేళ్లతోనే గాలిలో తీగ వంచి చూపిస్తాడు.
"మూడో నిమిషంలో
ఒక్క స్వరాన్ని పట్టి పక్కకు గుంజుతాడు సూడు,
నా కడుపులో యాడో ఒక నట్టు లూజైతుంది.
దాన్నెట్ల తూస్తావ్ నీ కాటాలో?"

సుంకన్న నవ్వడు. పట్టాల దిక్కు చెయ్యి చూపిస్తాడు.
ఆగకుండా పోతున్న గూడ్సు కూత
వచ్చేటప్పుడు ఒక తీరు,
దాటినాక జారిపోయి ఇంకో తీరు.
"దినానికి వంద బండ్లు వంచుతాయి స్వరాన్ని.
దేనికన్నా దండేసినామా?"

నేను యాంప్లిఫయర్లు బాగుచేసేవాణ్ని.
నాకు తెలిసింది చిన్న సంగతే.
ఆ గిటారు గొంతులోని బొంగురు ఉందే,
అది రోగం.
చిరిగిన స్పీకరు, తట్టుకోలేని వాల్వు.
నా అంగడికొస్తే నూటాయాభై తీసుకొని
సాయంత్రానికి మాన్పి పంపేవాణ్ని.
ఆయన మాన్పించుకోలేదు.
అది గొప్పతనమో,
ఆ ఊర్లో మెకానిక్కు దొరకలేదో.

డెస్మండ్ దొర మాత్రం ఎప్పుడూ మాట్లాడడు.
గార్డుగా రిటైరైనాడు.
రైల్వే ఇన్‌స్టిట్యూటు హాల్లో శనివారం శనివారం
ముప్పై ఏండ్లు ఊరోళ్ల కాళ్లను ఆడించినాడు.
బిస్కెట్టు టీలో ముంచుకుంటాడు,
వింటాడు, పోతాడు.

మొన్న జూన్‌లో కరెంటు పోయింది.
టేపు మూలిగి, సాగి,
సరిగ్గా ఆ మూడో నిమిషంలో
వంగిన స్వరం వంగినట్టే ఆగిపోయింది.
కొక్కేనికి తగిలించిన నబీ గిటారు
డెస్మండ్ అడిగి తీసుకున్నాడు.
ఐదు తీగలే అసలువి,
ఆరోది స్కూటరు క్లచ్ వైరు పోగు.
కీళ్లు వాచిన వేళ్లు.
టేపు ఆగిన చోటునుంచి
మిగిలింది వాయించినాడు, సగం వేగంతో.

గూడ్సు పోయిందో లేదో నాకు గుర్తులేదు.

ఓబిలేసు తల దించుకున్నాడు.
సుంకన్న శానాసేపటికి అన్నాడు:
"ఈయన బస్తాకు తరుగు తియ్యనీకే లేదు.
కాటా మీదికే ఎవరూ ఎత్తలేదు గదా."

అప్పుడు నాకు యార్డు గుర్తొచ్చింది.
తీసిన తరుగు
ఏ రైతు ఇంటికీ తిరిగిపోంగా చూడలేదు.
పదకొండేండ్లు ఆ తెల్లాయన పేర్లోంచి
మేం తీసిన కేజీలన్నీ
ఆ పత్తి చేన్లకు చేరినాయా,
ఈ వాచిన వేళ్లకు చేరినాయా?
బంకు ముందర రాలిపోయి
చీమలకన్నా పనికొచ్చినాయా?

డెస్మండ్ గిటారు కొక్కేనికి పెట్టి
చేతులు తుడుచుకున్నాడు.
"ఆ స్వరం కాడ అతను ఆగుతాడు.
నేనెప్పుడూ ఆగలేకపోతి,
ఆడేవాళ్లు నిలబడిపోతారని భయం."

కరెంటొచ్చింది.
టేపు తూలుతూ లేచి
వదిలిన స్వరాన్నే మళ్లీ పట్టుకుంది.
అది అయిపోయేదాకా
గ్లాసులు కూడా కడగలేదు నబీ.

సుంకన్న లేచి తువ్వాలు దులిపినాడు.
"జుట్టుకు తీసిన మూడు కేజీలు
వెనక్కి రాసెయ్యి నబీ.
దీపాలకు తీసిన ఐదు మాత్రం
నేనిచ్చేది లేదు."