లో వోల్టేజీ

చీపురుపల్లి కరెంటాఫీసులో
పందొమ్మిదేళ్ళుగా బిల్లులు రాస్తున్నాను.
మా వీధివాళ్ళు ఫిర్యాదులన్నీ నాకే తెస్తారు:
రాత్రి ఎనిమిది దాటితే ఫ్యాను నీరసపడుతోందండీ,
టీవీలో బొమ్మ మునగదీసుకుంటోందండీ.
తలూపి పుస్తకంలో ఎక్కిస్తాను.
ఎనిమిదింటికి ఇంటికి పోయి
స్కూటరు బయటికి తోసి
షెడ్డులో మిషను ఆన్ చేస్తాను.

గరివిడి తుక్కు కొట్టులో దొరికింది,
రాగి తీగ చుట్టిన పాతకాలం మిషను.
గోనె కప్పి ఆటోలో తెస్తుంటే
పక్కనావిడ పనసకాయనుకుని
ఎంతకిచ్చాడని అడిగింది.

ఎందుకు కొన్నావంటే ఏం చెప్పను?
పగలంతా యూనిట్లు కూడేవాడికి
ఒక్క యూనిట్‌నైనా
కంటితో చూడాలనిపించింది.

చూశాను.
ముసుగు ఎత్తి మరీ చూశాను రెండో రోజే.
అర్ధరాత్రికి కళ్ళ నిండా ఇసుక.
నూకరత్నం దోసకాయ చక్రాలు కోసి
రెప్పల మీద పెడుతూ అంది కదా,
"ఆఫీసులో మూసుకునే కళ్ళు
ఇక్కడ తెరవాలా?"

మొదట్లో రాడ్డు రేకుకి బల్లిలా కరుచుకునేది.
పీకితే మిషను మూలిగేది,
వదిలితే రాడ్డు ఎర్రబడేది.
రాజాం రోడ్డులో గేట్లు చేసే సూరప్పడు,
సగం కనుబొమ్మ ఎప్పుడో కాలిపోయినవాడు,
లోపలికి రాకుండా
గోడవతల నిలబడి విన్నాడు ఓసారి.
"సేప ఏగినట్టుండాల బావూ సప్పుడు,
నీది టపాకాయల్లాగుంది.
నువ్వు సెప్తే ఇనుము ఇనదు,
అది సెప్పింది నువ్వినాల."
బీడీ పారేసి వెళ్ళిపోయాడు.
అంతే నా చదువు.

వానాకాలం రాడ్లు చెమ్మగిల్లితే
అప్పడాల డబ్బాలో దాచాను.
అప్పడాలు ఎక్కడ పెట్టిందో
ఆవిడ ఇప్పటికీ చెప్పలేదు.

ఆగస్టులో ఒక స్టూలు మొదలెట్టాను.
నాలుగు కాళ్ళూ అతికి నిలబెడితే
ఒకటి గాల్లో ఉంది.
మిగతా మూడూ కోశాను. ఇంకోటి లేచింది.
దాని కోసం మళ్ళీ కోశాను.
షెడ్డు గచ్చే వాలుగా ఉందని
తెలిసేసరికి
స్టూలు కాస్తా పీటయింది.
మా ఆవిడ దాని మీద కూర్చుని
చేపలు తోముతుంది, మురిపెంగా ఏం కాదు,
ఎత్తు సరిపోయింది గనక.

పైకి కనపడే అతుకులన్నీ
పుళ్ళు మానిన మచ్చల్లా ఉంటాయి.
గ్రైండరు పెట్టి ఎంత రుద్దినా
గతుకులు, బొక్కలు, ఉమ్మినట్టు చుక్కలు.
బోర్లిస్తే మాత్రం,
ఎడమ కాలు పలకని కలిసే మూల
ఒక్క అంగుళంన్నర
కజ్జికాయ అంచు మడిచినట్టు
వరసగా, సన్నగా, ఒకే తూకంలో.
నల్ల పొక్కు సుత్తితో తట్టగానే
తనంతట తనే ఊడి
కింద పడ్డ చప్పుడు గుర్తుంది.
చెయ్యి ఎలా నడిచిందో గుర్తులేదు.
ఆ తర్వాత నలభై రాడ్లు కాల్చాను,
మళ్ళీ రాలేదు.

ఇంటికొచ్చినవాళ్ళకి
పీట తిరగేసి చూపించబోతే
మర్యాదకి "బాగుందండీ" అంటారు,
కళ్ళు మాత్రం కాళ్ళు లెక్కపెడుతుంటాయి.
సూరప్పడికి చూపిద్దామని
రెండుసార్లు సైకిలుకి కట్టి
రెండుసార్లూ విప్పేశాను.

నిన్న సాయంత్రం
పీట మీది పొలుసులు కడిగి
నూతి గట్టున బోర్లిస్తూ
ఆ మూల మీంచి ఒకసారి
బొటనవేలు పోనిచ్చింది నూకరత్నం.
మురికేమో అనుకుని ఉంటుంది.
మళ్ళీ ఒకసారి పోనిచ్చింది.

ఎనిమిదయింది.
ముసుగు దించాను.
ఎదురింటి ట్యూబులైటు కొట్టుకుంటోంది.
రేపు పొద్దున్నే ఆయనొస్తాడు,
పుస్తకం తీస్తాను,
తేదీ రాస్తాను, పేరు రాస్తాను.
కారణం అన్న గడిలో
ఎప్పట్లాగే
విచారణలో ఉంది అని రాస్తాను.