బొమ్మ చెంప మీద వేలిముద్ర

మార్కాపురంలో మంచు పడదు.
పడేది పలకల పొడి.
గనుల్లోంచి, సానచక్రాల మీంచి లేచి
ఆరేసిన లంగాల మీదా, మేకల ఈపుల మీదా
మా నాయన కనురెప్పల మీదా
బూడిదరంగు పిండి.
అందుకే ఆ బొమ్మల సినిమాలో మొదటిసారి మంచు రాలినప్పుడు
మా తమ్ముడు యోనా అడిగాడు:
"ఆ ఊళ్ళో గూడా పలకల ఫ్యాక్టరీ ఉందా?"

ఏడాదికొక్కసారే.
డిసెంబరు ఇరవైనాలుగు రాత్రి, చర్చికి పోకముందు,
సువార్తమ్మ టీచరు ఇంట్లో
చెక్కతలుపుల టీవీ ముందు
చాపల మీద ముప్పైమందిమి,
మిద్దె మీద యాంటెన్నా పట్టుకుని ఎలీషా.
"వచ్చిందా?"
"రాలా!"
"ఇప్పుడో?"
"వచ్చె, వచ్చె, కదలబాక!"
పాపం, ఆ సినిమా ఎలీషా ఒక్క ఏడూ చూళ్ళేదు.
మా కేకల్లోంచి విన్నాడు, అంతే.

కథ పెద్దదేం కాదు.
నక్షత్రం ఆరిపోయిందని
మట్టితో చేసిన దీపాలోడు ఒకడు
నిచ్చెన భుజానేసుకుని బయల్దేరతాడు.
నిచ్చెన పొట్టిది.
దార్లో ఒంటికొమ్ము మేక తోడవుద్ది.
వాళ్ళ మాటలు ఏ భాషో మాకు తెలీదు.
టీచరుకి తెలిసినా చెప్పేది కాదు,
"చూడండర్రా, చూస్తా ఉంటే తెలుస్తది" అనేది.
మా జకరయ్యే మాటలు కట్టాడు.
మేక మూతి కదిలితే చాలు,
"అబ్బయ్యా, నిచ్చెన చాలకపోతే నా ఈపెక్కు!"
మరుసటేడు ఆ మాట అందరం కలిసి అన్నాం.
ఆ పైయేడు, మేక మూతి కదలకముందే.
ఇప్పటికీ ఆ సినిమాలోని అసలు మాటలు
నాకు తప్పుగా వినపడతాయి.

చివరి మెట్టు విరుగుద్దని తెలుసు.
తెలిసే, ఆ చోటు రాకముందే
చీకట్లో పక్కవాళ్ళ చెయ్యి వెతుక్కునేవాళ్ళం.

నాయన చాప మీద కూర్చునేవాడు కాదు.
గుమ్మంలో దుప్పటి కప్పుకుని నిలబడి
కథ సంగతి వదిలేసి పనితనం చూసేవాడు.
ఒకేడు అన్నాడు:
"ఆ దీపాలోడి చెంప చూడండిరా, గీతలు కదుల్తన్నాయి.
ఎవురో వేలితో ముట్టుకుంటన్నారు.
కదిలించినప్పుడల్లా ముద్ర పడతంది. చెరపలా."
చూశాం. నిజమే.
మట్టి ముఖం మీద చిన్న సుడిగాలిలా
ఎవరిదో బొటనవేలు.
ఒక్క అడుగు వేయించడానికి
ఎన్నిసార్లు ముట్టుకున్నాడో ఆ మనిషి,
పండగెళ్ళాక ఫ్యాక్టరీలో
వారం రోజులు అదే చెప్పాడంట నాయన.

తర్వాత ప్లాస్టిక్ పలకలొచ్చాయి.
ఫ్యాక్టరీకి తాళం పడింది.
టీచరు పోయింది, టీవీ తలుపులు
ఎవరింట్లోనో కోళ్ళగూటికి పనికొచ్చాయి.

మొన్న రేషన్ షాపులో
"ఇంకోసారి పెట్టు తాతా. ఇంకో వేలు.
తుడుచుకుని పెట్టు."
మిషను పది వేళ్ళూ చూసింది,
మనిషి లేడంది.
ముప్పై ఏళ్ళు రాయి రుద్ది రుద్ది
ఎన్ని లక్షల పలకల మీద వదిలేసొచ్చాడో తన ముద్రలు,
వాటి మీద ఎవరెవరో అ ఆ లు దిద్దుకుని
ఉమ్మితో తుడిచేసుకున్నారు.

ఈ డిసెంబరులో ఆ సినిమా ఫోన్లో దొరికింది.
ఎవరో పాత టేపు నుంచి ఎక్కించారు, అడుగున వణికే గీతలతో సహా.
యోనా బేస్తవారిపేట నుంచి బండి మీదొచ్చాడు.
ఎలీషాని పిలిచాం,
యాభై ఏళ్ళకు మొదటిసారి చూడ్డానికి.
కూర్చోమంటే కూర్చోలేదు.
గోడపక్కన నిలబడి చూస్తా చూస్తా
"మేక మాట్లాడదేందే?" అన్నాడు.
మేం మాట్లాడాం.

చెంప కనపడేచోట ఆపాను.
రెండు వేళ్ళతో సాగదీసి పెద్దది చేశాను.
నాయన కళ్ళజోడు సర్దుకున్నాడు.
చాలాసేపు చూశాడు.
నున్నటి తన బొటనవేలు
ఆ ముద్ర మీద ఆనించాడు.

ఆగిపోయిన దీపాలోడు
నిచ్చెన ఎత్తుకుని
నడిచాడు.